గంప కింది పెట్టలు

కోళ్లకు కొక్కెర తెగులు తగిలితే ఏం చెయ్యాలో ఆళ్లగడ్డ పక్క ఏ ఊళ్లో అడిగినా ఒకటే జవాబు వస్తుంది. ఒకటి తూగితే కోసుకుని తిను. రెండోది తూగితే మిగిలినవాటిని బేగా సంతకు తోలు. ఇది ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టి నేర్పింది కాదు. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఎట్లా తెలుస్తుందో ఇదీ అట్లాగే తెలుస్తుంది. సంతలో కొన్నవాడి గూట్లో మళ్లీ ఒకటి తూగుతుంది, తర్వాత రెండోది తూగుతుంది, వాడూ గంప నెత్తికెత్తుకుని సంతదారి పడతాడు. తెగులుకు కాళ్లు లేకపోయినా మనుషుల నెత్తినెక్కి ఊళ్లన్నీ తిరుగుతుంది.

మదార్‌కు ఈ సంగతి అందరికంటే కొంచెం ఎక్కువే తెలుసు. కొన్నేళ్ల కిందట కోయిలకుంట్ల సంతలో ముచ్చటపడి ఒక పుంజును కొన్నాడు. అమ్మినవాడు దాని వీపు నిమురుతూ, "ఇంటి కోడప్పా, బిడ్డ మాదిరి సాకినా" అన్నాడు. వారం తిరక్కుండా ఆ బిడ్డ మదార్ గూడంతా ఊడ్చిపెట్టింది. ఆ నిమిరిన చెయ్యి మదార్‌కు ఇప్పటికీ కళ్లముందు ఆడుతుంది. అతను ఒకసారి మనసులో పెట్టుకున్నది బయటికి పారేసే రకం కాదు.

అతనిది ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోయే రోడ్డు పక్కన, ఊరి చివర, నలభై సెంట్ల తోట. అయిదో తరగతిలో బడి మాని రాతి బొమ్మలు చెక్కే షెడ్డులో పాలిష్ పనికి చేరాడు. దేవుళ్ల మొహాలు నున్నగా చెయ్యడంలోనే వయసంతా పోయింది. రాతిపొడి రొమ్ములో చేరి దగ్గు పట్టుకున్నాక షెడ్డు యజమాని ఒక శాలువా కప్పి ఇంటికి పంపాడు. శాలువాతో దగ్గు తగ్గదు. అప్పటినుంచి తండ్రి వదిలిపోయిన ఈ నలభై సెంట్లే అతని లోకం. బోరు నీళ్లు పారే పల్లంలో పుదీనా, దాని పైన కొత్తిమీర, మెంతాకు మడులు, గట్టు వెంట కరేపాకు చెట్లు, పూలు కట్టేవాళ్లు అడిగి కొనుక్కుపోయే తులసి, మరువం ఒక మూల. మిగిలిన చోట వంగ, బెండ, ఒక బీరపందిరి. పందిరి కింద మీరాబీ కోళ్లు. ఆకు మొగునిది, కోడి పెళ్లానిది. రెంటికీ నడుమ పాత చీరలు కట్టిన కంచె.

మదార్ కొత్తిమీర కట్ట కడితే కాడలు లెక్కబెడతాడని ఊళ్లో పేరు. అది ఉత్త మాట కాదు. ఒక కట్టలో కాడ ఎక్కువైందని తోస్తే దాన్ని లాగి పక్క కట్టలో దోపడం చూసినవాళ్లు ఉన్నారు. కొసరు అడిగిన ఆడమనిషికి వేళ్ల మట్టి దులిపి చూపించాడని కూడా చెప్పుకుంటారు.

మీరాబీ పేరు వేరే విధంగా మోగింది. ఆమె దగ్గర బూడిదరంగు పెట్టల సంతతి ఒకటి ఉంది. ఆ పెట్ట పొదుగుడుకు కూర్చుంటే ఎండాకాలంలో కూడా గుడ్డు మురగదు. వీధి ఆడవాళ్లు తమ గుడ్లు తెచ్చి ఆమె పెట్టల కింద పెట్టేవాళ్లు. పిల్లలైనాక సగం వాళ్లవి, సగం మీరాబీవి. అట్లా పెట్టుకున్నవాళ్లలో సరోజమ్మ కూడా ఒకతె.

సరోజమ్మ ఇల్లు తోటకు అవతల, పిల్లకాలువ దాటితే వస్తుంది. మొగుడు పోయినాక ఒంటిచేత్తో బతుకు లాక్కొస్తున్న మనిషి. ఆమెకు పొలం లేదు, కూలికిపోయే నడుము లేదు, కోళ్లే ఆధారం. గుడ్లు ఆళ్లగడ్డలో వాడికె ఇళ్లకు పోతాయి, పండగలకు పుంజులు పోతాయి. గూట్లో ఇరవైకి తక్కువ ఎప్పుడూ ఉండవు. నోరు మాత్రం ఊరందరికీ పంచినా ఇంకా మిగులుతుంది.

పోయిన ఏడు ఆమె కోళ్లు కాలువ దాటి వచ్చి, అప్పుడే విత్తిన కొత్తిమీర మడిని చీరల కంచె కిందుగా దూరి గీరి పారేశాయి. మదార్ రాయి విసిరాడు. ఒక పెట్టకు కాలు విరిగింది. సరోజమ్మ ఆ పెట్టను చంకన పెట్టుకుని వీధి మధ్యకొచ్చి, "కొత్తిమీర కాడలెంచేటోనికి కోడికాలు విలువ యాడ తెలుస్తాది" అంది. వీధంతా నవ్వింది. మదార్‌ను కాల్చింది ఆమె మాట కాదు, ఆ నవ్వు. ఆనాటినుంచి మదార్‌కూ సరోజమ్మకూ మాటల్లేవు.

ఆ పగ అక్కడితో ఆగినా బాగుండేది. చలి మొదలైనప్పుడు పశువుల ఆసుపత్రి నుంచి ప్రభుదాసు ఐసుడబ్బా పట్టుకుని వచ్చాడు. కొక్కెర రాకుండా కంట్లో వేసే చుక్కల మందు. 

"ఒగ సీసా నూరు కోళ్లకొస్తాదన్నా," అన్నాడు. "కలిపినాక నిలవుండదు, అప్పుడే అన్నిటికీ పడాల. నీవి, సరోజమ్మవి, ఇంగ రెండిండ్లవి ఒగతాన చేరిస్తే సీసా తెరుస్తా."

"ఆమె కోళ్లతో కలిపి నా కోళ్లకొద్దు," అన్నాడు మదార్.

"కోళ్లేం పోట్లాడుకోల్యా కదన్నా."

"సాకేటోళ్లు పోట్లాడుకున్న్యారు. పోయిరా."

సీసా ఐసుడబ్బాలో ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. ఈ ఇంటి కోళ్లకూ పడలేదు, ఆ ఇంటి కోళ్లకూ పడలేదు.

శివరాత్రి దాటింది. ఎండ చురుక్కుమంటోంది. మీరాబీ కోయిలకుంట్లలో చెల్లెలికి ఒళ్లు బాగాలేదని చూడబోయింది. ఆమె లేని రోజుల్లో ఒక పెట్ట పందిరి కింద రెక్కలు వేలాడేసుకుని నిలబడింది. మెడ ఒక పక్కకు తిప్పుకుని ఆకాశంలో ఏదో పోతున్నట్టు చూసింది. మదార్ దాన్ని కోసుకోలేదు. దగ్గు మనిషికి కోడికూర మీద మనసు పోలేదు. గుంట తీసి సున్నం చల్లి పూడ్చాడు. మరుసటి పొద్దున ఇంకొకటి గూట్లోనే కాళ్లు చాచుకుని ఉంది.

రెండోది. మదార్ గూటి ముందు గొంతుకూర్చుని మిగిలినవాటిని చూశాడు. గింజలు చల్లితే అన్నీ పరుగెత్తుకొచ్చి తిన్నాయి. బూడిద పెట్టలు ఎప్పటిలాగే ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. ఇప్పుడు బాగున్నట్టే ఉంటాయి, నాలుగు రోజులకు ఒక్కొక్కటే మెడ తిప్పుతాయి. కోయిలకుంట్ల పుంజు అట్లాగే వచ్చింది. నాకు అంటగట్టినవాడు నా గురించి ఆలోచించినాడా అనుకున్నాడు. అనుకుని గంప తెచ్చాడు.

అయితే అందరిలా ఆళ్లగడ్డ సంతకు పోలేదు. ఆళ్లగడ్డలో ఎవరు కొన్నా తెలిసినవాళ్లే కొంటారు. పొద్దున్నే నంద్యాల బస్సెక్కి గంపను కాళ్ల సందున పెట్టుకున్నాడు. అంత దూరం పోతే మొహమెరగనివాళ్లకు పోతుంది. అదీ కోతకే అమ్మితే తెగులు పొయ్యిలో కాలిపోతుంది, ఎవరి గూడూ ఆరిపోదు. పాపం చెయ్యబోయేవాడు దానికి ఒక గొడుగు కూడా పట్టుకుని పోతాడు. మదార్ గొడుగు అది.

సంతలో షాకీర్ అనే బేరగాడు తగిలాడు. మోటారు సైకిలుకు రెండుపక్కలా ఇనుప తీగ గూళ్లు కట్టుకుని కోళ్లు కొని అమ్మే మనిషి. గంపలోంచి ఒక్కొక్క పెట్టనూ తీసి, పొట్ట నొక్కి, తోక కింద ఈకలు ఊది చూశాడు. బూడిద పెట్టల్ని చూడగానే అవి ఏ ఊరివో పట్టేశాడు.

"ఏందన్నా, ఆళ్లగడ్డ ఇడిసి ఈడికి మోసుకొచ్చినావు?"

"ఈడ బేరం బాగుంటాదని."

"తూగుడు గీగుడు ఏం లేదు గదా?"

"ఉంటే కనపడదా."

"కనపడేది నువ్వు తేవు గదన్నా," అని షాకీర్ పళ్లు కనిపించేలా నవ్వాడు.

మదార్ నవ్వలేదు. "ఇవి కోతకే. సాకేటోళ్లకు ఇయ్యొద్దు."

"ఏమిటికి?"

"ముసలియి. గుడ్డు తగ్గింది."

షాకీర్ బూడిద పెట్ట కాలు పట్టుకుని వేళ్లు విప్పి చూశాడు. కోడి కాలు చూసి వయసు తెలుసుకోలేనివాడైతే అతనికి ఆ వ్యాపారమే లేదు. అయినా తల ఊపాడు. "కోతకేలే అన్నా. ఈ పొద్దే హోటలుకు పోతాయి. రేపు ఈ టయానికి ఎముకలు మిగుల్తాయి."

మదార్ నమ్మాడు. నమ్మాలని పోయినవాడికి ఎంత మాట కావాలి.

మర్నాడు మీరాబీ తిరిగొచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. ఆమె సంచి కింద పెట్టకుండానే అడిగింది. "ఎన్ని పోయినయ్?"

"రెండు."

"మిగిలినయ్?"

"నంద్యాలలో కోతకిచ్చినా."

ఆమె సంచి పక్కన పడేసింది. గూట్లో ఎండుటాకు వేసి అంటించింది, బూడిద ఊడ్చి సున్నం చల్లింది. తర్వాత బిందె తీసుకుని కాలువ పక్క కొళాయికి పోయింది. పోయినంత తొందరగా ఉత్త బిందెతో వచ్చింది.

"సరోజక్క ఇంట్లో మన పెట్ట అరుస్తాండాది."

"పిచ్చా నీకు."

"నేను పొదిగిచ్చిన పెట్ట గొంతు నాకు తెలీదా? పోయి చూసినా. బూడిదయి మూడూ ఉండాయి, గంప కింద. పొద్దున్న ఎవడో బండోడు తెచ్చినాడంట. మన బూడిద పెట్టలని తెలిసే కొనిందంట. వీధంతా చెప్పుకుంటాండాది. 'మీరాబీ దగ్గర సగం పిల్లలకు చెయ్యి చాచే పని తప్పింది, పెట్టలే నా ఇంటికి నడిచొచ్చినయ్' అని."

మదార్ పుదీనా కోస్తున్న కొడవలి కింద పెట్టాడు. నంద్యాల దాకా మోసుకుపోయినవి అదే రోడ్డు మీద వెనక్కి వచ్చాయి. ఆళ్లగడ్డ పెట్టలకు ఆళ్లగడ్డలోనే గిరాకీ అని షాకీర్‌కు తెలుసు, తనకే తెలియలేదు.

"కలిపేసిందా కోళ్లలో?"

"ఇంగా లేదు. ఆమెవి పొద్దున్నే చేనుగట్లకు పోయినయ్. పొద్దుగూకి అవి వచ్చినాక, వీట్ని రోలు చుట్టూ తిప్పి ఒగే గూట్లో ఇడుస్తాది."

కొత్త కోడిని తెచ్చుకుంటే ఆ పక్క అందరూ అదే చేస్తారు. పగలంతా గంప కింద పెడతారు. సాయంత్రం రోలు చుట్టూ మూడుసార్లు తిప్పితే ఇల్లు మరిగి మళ్లీ ఎటూ పోదంటారు. తిప్పినాక పాతవాటితో పాటు గూట్లో తోసి తలుపు వేస్తారు. ఇరుకు గూడు, ఒకదాని ఊపిరి ఇంకొకటి పీలుస్తుంది. పొద్దుగూకితే సరోజమ్మ కోళ్ల పని అయిపోయినట్టే. కోళ్ల పని అయిపోతే సరోజమ్మ పనీ అంతే.

"నువ్వు పోయి చెప్పు," అన్నాడు మదార్. "నీతో అయితే మాట్లాడ్తాది."

"నేను చెప్తే పెట్టలు తిరిగి లాక్కుండేదానికి వచ్చినాననుకుంటాది. అమ్మింది నువ్వు. చెప్పేదీ నువ్వే."

మీరాబీ బిందె పట్టుకుని మళ్లీ కొళాయికి పోయింది.

మదార్ చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాడు. వినకుండా ఉంటే పోయేది, చూడకుండా ఉంటే పోయేది. ఆమె వీధిలో తనను నవ్వులపాలు చేసిన మనిషి. ఆమె గూడు ఆరిపోతే తనకేం పోతుంది? ఏమీ పోదు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఏమీ పోదనే వచ్చింది. అయినా లేచాడు. పోయి నిజం చెబితే తన పరువు పోతుంది కాబట్టి, నిజం చెప్పకుండా పని జరిగే దారి వెతికాడు. పాకలో ఒక మేకపిల్ల ఉంది, పాలు మరిచి నెలలైన ఆడపిల్ల, మచ్చల చెవులది. దాని మెడకు తాడు కట్టి కాలువ దాటాడు.

సరోజమ్మ వసారాలో చేట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. పక్కనే బోర్లించిన గంప, గంప మీద రాయి. లోపల పెట్టలు గురగురమంటున్నాయి. మదార్‌ను, వెనక మేకపిల్లను చూసి చేట ఆపింది.

"ఏందీ, దారి తప్పినావా మదారూ? లేక మేక తప్పించుకోనొచ్చిందా?"

"నీతో పనుండి వచ్చినా."

"నాతోనా? నా కోడికేమైనా ఇంగో కాలు మిగిలిందేమో చూడను వచ్చినావేమో."

మదార్ ఆ మాట మింగాడు. "ఆ పెట్టలు నాకు తిరిగియ్యి. ఈ మేకపిల్లను తీసుకో."

సరోజమ్మ చేట కింద పెట్టింది. మేకపిల్లను చూసింది, గంపను చూసింది, మళ్లీ మదార్‌ను చూసింది. వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు.

"మూడు కోళ్లకు మేకపిల్లనా?"

"ఆ."

"నువ్వా?"

"నేనే."

"ఇన్న్యారామ్మే," అంది సరోజమ్మ వీధివైపు తిరిగి. "కొత్తిమీరలో కొసరు కాడ ఇయ్యనోడు మేకపిల్లను తోలుకొచ్చినాడు. ఈ పెట్టల్లో బంగారం గుడ్లేమైనా ఉండాయేమో చూడండి." ఇటు తిరిగి, "పెండ్లాం లేనప్పుడు తొందరపడి అమ్మినావు. ఆమె వచ్చి గడ్డి పెట్టింది. ఇప్పుడు నా కాడికి పరిగెత్తుకొచ్చినావు. నేను ఇయ్యను. మ్యాకలమందను తోలుకొచ్చినా ఇయ్యను."

మేకపిల్ల జొన్నల చేటలో మూతి పెట్టింది. సరోజమ్మ దాని మూతి మీద ఒకటి వేసింది.

ఇంక దారి లేదు. మదార్ గొంతు తగ్గించాడు. "సరోజమ్మా, నా గూట్లో కొక్కెర వచ్చింది. రెండు చచ్చినయ్. పూడ్చిపెట్టినా. మిగిలినయ్ నంద్యాలలో కోతకని ఇస్తే ఆ నా కొడుకు నీకు అంటగట్టినాడు. ఈటిని గూట్లో ఇడిస్తే నీయి ఒగటి మిగలదు."

చెప్పడం అయిపోయింది. జీవితంలో అంత ఉన్నదున్నట్టు మాట అతను ఎవరితోనూ చెప్పి ఉండడు. సరోజమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత చెయ్యి తీసి నవ్వింది.

"మేకతో కాల్యా, ఇప్పుడు రోగంతోనా?"

"అబద్దం కాదు."

"నా కోళ్లు చస్తాయని నీకు అంత బాధుండాదా? నా కోడి కాలు ఇరగ్గొట్టినోనివి. ఆ ప్రభుదాసు మందు తెస్తే, నా కోళ్లతో కలిపి నీ కోళ్లకొద్దన్నోనివి. నిజంగా రోగముంటే నువ్వొచ్చి నాకు చెప్తావా? ఇంట్లో కూర్చోని, ఎన్ని చచ్చినయో ఎంచుకుంటాండవూ."

 ఆమె చెప్పిన మనిషి మదార్‌కు బాగా తెలిసినవాడే.

వంగి గంప అంచు కొంచెం ఎత్తి నేల చూపించాడు. "రెట్ట చూడు. పచ్చగా ఉండాది. అది కొక్కెర రెట్ట."

"నీ కొత్తిమీర, నీ మెంతాకు తిని పెరిగిన పెట్టలు. పచ్చగా కాక ఎర్రగా ఏస్తాయా?"

వీధిలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ఇప్పుడు అయిదారుగురు పోగయ్యారు. పోయిన ఏటి నవ్వే అది, అదే చోట.  మదార్ వెనక్కి తిరిగి మేకపిల్ల తాడు లాగాడు. చెప్పేది చెప్పినా, వినకుంటే ఆమె ఖర్మ అనుకున్నాడు. గడప దాటాడు కూడా.

దాటాక, కాలువ గట్టు మీదుగా సరోజమ్మ కోళ్లు ఇంటిదారి పట్టడం కనిపించింది. ఒక ఎర్ర పుంజు ముందు, పెట్టలు వెనక, వాటి కాళ్ల సందుల్లో పిల్లలు. చేనుగట్ల మీద పురుగులు తిని కడుపులు నిండి తాపీగా వస్తున్నాయి. కాలు విరిగిన పెట్ట అందరికంటే వెనక కుంటుతూ వస్తోంది. సరోజమ్మ వాటిని చూసి లేచి, రోలు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

మదార్ తాడు వదిలేశాడు. మళ్లీ గడప లోపలికి వచ్చి గంప మీది రాయిని కాలితో తన్నాడు. గంప ఎత్తి మొదటి పెట్టను పట్టుకుని మెడ విరిచాడు. సరోజమ్మకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోగా రెండోదీ అయిపోయింది. మూడోది బూడిద పెట్టల్లో పెద్దది, మీరాబీ చేతి మీద గింజలు తినేది. అది మదార్‌ను గుర్తుపట్టి, తప్పించుకోకుండా దగ్గరికే వచ్చింది. దాని మెడ కూడా విరిచాడు.

అప్పుడు సరోజమ్మ చీపురు తీసింది. వీపు మీద, భుజాల మీద, తల మీద ఎక్కడ దొరికితే అక్కడ కొట్టింది. మదార్ చెయ్యి అడ్డం పెట్టలేదు. చేతులు ఖాళీ లేవు. మూడు పెట్టల్నీ కాళ్లు పట్టుకుని, దగ్గుకుంటూ వీధిలోకి నడిచాడు. "పట్టపగలు ఇంట్లో దూరి నా కోళ్లు సంపి తినేదానికి ఎత్తకపోతాండాడు" అని ఆమె వెనకనుంచి అరిచింది. జనం దారి ఇచ్చారు. కొట్లాటలో అడ్డం పోయేవాళ్లు ఈ కాలంలో తక్కువ, సెల్‌ఫోను ఎత్తి పట్టేవాళ్లు ఎక్కువ.

మీరాబీ గుంట ముందే తీసి ఉంచింది. ఆమె అది ఎందుకు తీసిందో, ఎట్లా తెలిసి తీసిందో మదార్ అడగలేదు. పెట్టల్ని అందులో పెట్టి ఇద్దరూ సున్నం పోసి మట్టి కప్పారు. సరోజమ్మ వసారాలో చల్లమని మీరాబీ మిగిలిన సున్నం తీసుకుపోతే, ఆమె ఆ తట్టను వీధిలోకి విసిరేసింది. ఎందుకో ఏమో, రాత్రయ్యేలోగా ఆ వసారాను తనే మూడుసార్లు పేడతో అలికింది. కోడి చచ్చిన చోటు మైల అంది.

మర్నాడు పంచాయితీ శాంతయ్య అరుగు మీద జరిగింది. శాంతయ్య ఆ వీధికి పెద్ద, రెండు పక్షాలూ చెప్పింది విని, ఎవరూ సంతోషపడని మాట చెప్పే మనిషి.

"కొక్కెర ఉండిందనేదానికి సాక్ష్యమేముండాది మదారూ?"

"నా గుంటలో రెండుండాయి."

"తవ్వి చూపిస్తావా?"

"కుళ్లినయ్ చూపిస్తే ఏం తెలుస్తాది."

"హలాలు చెయ్యకుండా మెడ ఇరిచినాడంటే తినేదానికి కాదులే," అని శాంతయ్య తనలో తాను అన్నట్టు అన్నాడు. సరోజమ్మ వెంటనే అందుకుంది. "తినలేదప్పా, నేనూ ఒప్పుకుంటా. నాకు దక్కగూడదని సంపినాడు. తినేటోడు నయం, వానికి ఆకలన్నా ఉంటాది."

ఆ మాట అరుగు మీద ఉన్నవాళ్లందరికీ నచ్చింది. మదార్‌ను ఎరిగినవాళ్లకు అది తెగులు కంటే నమ్మదగినదిగా ఉంది. శాంతయ్య తీర్పు చెప్పాడు: మేకపిల్ల సరోజమ్మకు పోవాలి. అది నిన్న సాయంత్రం నుంచి ఆమె ఇంట్లోనే ఉంది. తాడు వదిలేసినప్పుడు అది ఎటూ పోలేదు, జొన్నల చేట దగ్గరికి పోయింది.

తర్వాత రోజులు గడిచాయి. తెగులు రావాల్సిన గడువు వచ్చింది, పోయింది. సరోజమ్మ కోళ్లు పొద్దున్నే చేనుగట్లకు పోయి సాయంత్రం తిరిగొచ్చాయి. ఒక్కటీ మెడ తిప్పలేదు. రెండు పెట్టలు పొదుగుడుకు కూర్చుని పిల్లల్ని దించాయి. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు నింపుకుంటూ చెప్పుకున్నారు. సరోజమ్మ అందరికంటే గట్టిగా చెప్పింది.

"కొక్కెరంట కొక్కెర. యాడుండాది? ఒగపూటంతా నా వసారాలో ఉండినయ్ గదా ఆ పెట్టలు. నా కోడికి ఒగ తుమ్ము వచ్చిందా? కండ్లల్లో నిప్పులు పోసుకోని సంపినాడు."

తెగులు వచ్చి ఉంటే మదార్ చెప్పింది నిజమయ్యేది. రాకుండా చేసింది మదారే కాబట్టి అతను చెప్పింది అబద్ధమైంది. దీన్ని ఎవరికైనా విడమరిచి చెప్పాలని అతను రెండుమూడుసార్లు అనుకున్నాడు. కోయడం, కట్టడం, బస్సెక్కి ఆళ్లగడ్డలో అమ్మడం, వీటి మధ్య మాటలు కూడబలుక్కున్నాడు. చెప్పబోతే ఎదుటివాడి మొహంలో నవ్వు ముందే కనిపించేది. కాడలు ఎంచుకునే పనిలో పడేవాడు.

ఒక రోజు మీరాబీ బీరకాయలు కోస్తూ పందిరి అవతలినుంచి అడిగింది.

"ఆ మూటికి నిజంగా తగిలిండిందా?"

"తగిలింది."

"నువ్వు చూసినావా? తూగినయ్యా?"

"తూగల్యా. తూగేవి."

 బుట్టలో కాయలు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. చేతికి మరిగిన పెద్ద పెట్ట దగ్గరికి ఎట్లా వచ్చిందో మదార్ ఆమెకు చెప్పలేదు.

ఖాళీ గూడు చూసి చూసి మీరాబీ ఎండాకాలం చివర్లో సరోజమ్మ ఇంటికి పోయింది. వీధిలో నిండుగా కోళ్లున్న గూడు అదొక్కటే. బేస్తవారం పొద్దున పోయి ఒక ఎర్ర పెట్టను, నాలుగు పిల్లల్ని చీరకొంగులో పెట్టుకుని వచ్చింది. సరోజమ్మ సగం పాలుకు ఇచ్చింది. పెరిగినాక సగం పిల్లలు ఆమెవి. "నీ మొగం చూసి ఇస్తాండా మీరాబీ. నీ మొగుడు దీని మెడ మీద చెయ్యేస్తే ఈ తూరి చీపురు కాదు, రోకలి తీస్తా" అని చెప్పి పంపిందట. మీరాబీ ఈ మాటను మొగునికి అట్లాగే చెప్పింది, ఒక్క అక్షరం దాచకుండా.

మదార్ సరేనన్నాడు. ఎర్ర పెట్టకు గూట్లో కొత్త గడ్డి వేశాడు.

ఇప్పుడు సాయంత్రమైతే అతను బోరు కట్టేసి కాలువ వైపు గట్టు మీద కూర్చుంటాడు. పొద్దు వాలే వేళకు సరోజమ్మ కోళ్లు అవతలి గట్టు మీదుగా పోతాయి. పుంజును చూస్తాడు, పెట్టల్ని ఒక్కొక్కదాన్నీ చూస్తాడు, ఏ రెక్కయినా వేలాడుతోందా, ఏ మెడయినా పక్కకు తిరిగిందా అని చూస్తాడు. ఒక్కటి చాలు. అది చావకపోయినా పరవాలేదు, ఒక్కపూట తూగితే చాలు. ఈ ఆశ తనదేనని తెలిసిన రోజు అతనికి అన్నం సయించలేదు. అయినా మర్నాడు సాయంత్రం మళ్లీ అదే గట్టు మీద, అదే చోట కూర్చున్నాడు. కోళ్లు వచ్చాయి. కడుపులు నిండి, ఈకలు నిగనిగలాడుతూ, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఇంటికి పోయాయి.